నాలుగో ఎండ

తీగలంకలో మనుషులు నిద్ర లేచి మొట్టమొదట ఆకాశం వైపు చూస్తారు. దండం పెట్టుకోవడానికి అనుకునేరు, అదేం లేదు. తెల్లగీతలు లెక్కపెట్టడానికి. 2070వ సంవత్సరం మే నెల పదో తేదీ సాయంత్రానికి చెదరకుండా నిలిచినవి ఇరవై మూడు. అందులో సగం గీతలు వెడల్పై, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, సూర్యుడి మీద పల్చటి గుడ్డ కప్పినట్టు పరుచుకున్నాయి.

విమానాలు హైడ్రోజన్‌కి మారి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. హైడ్రోజన్ మండితే పొగ రాదు, నీటి ఆవిరి వస్తుంది. అబ్బో ఎంత శుభ్రమో అని ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ముప్పైనాలుగు వేల అడుగుల ఎత్తున, సున్నాకి యాభై డిగ్రీల కిందుండే చలిలో ఆ ఆవిరి ఏమవుతుందని ఆ చప్పట్ల మధ్య ఎవరూ అడగలేదు. ఏమవుతుంది, మంచు రవ్వలవుతుంది. తూర్పు దేశాల నుంచి ముంబయి వైపు పోయే విమానాల దారి గోదావరి లంకల మీదుగా పడింది. రోజుకి మూడు వందల విమానాలు, మూడు వందల గీతలు.

తీగలంక బతికేది మామిడి తాండ్ర మీద. రసం తీసి, పంచదార కలిపి, ఈతాకు చాపల మీద పల్చగా పొయ్యాలి. అది ఎండాక దాని మీద ఇంకో పొర. అలా నాలుగు ఎండలు నిక్కచ్చిగా తగలాలి. మధ్యలో ఒక్క ఎండ తగ్గినా పులిసిపోతుంది, బూజు పడుతుంది, చాపలతో సహా గోదాట్లో కలపాలి. యంత్రాల్లో ఎండబెట్టిన తాండ్ర కూడా దొరుకుతుంది, తినేవాళ్ళూ ఉన్నారు. తీగలంక వాళ్ళు మాత్రం దాన్ని తాండ్ర అనరు, రబ్బరు అంటారు.

విమానాల వల్లే మబ్బులని లంకల వాళ్ళు, మబ్బులు వాటంతట అవే వస్తాయని విమానాల వాళ్ళు, ఇరవై ఏళ్ళు వాదించుకున్నారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది కాబట్టే ఎవరూ ఓడిపోలేదు. పైన గాలి పొడిగా ఉంటే విమానం గీసిన గీత నిమిషంలో మాయమైపోతుంది. అదే గాలి మోయగలిగినదానికంటే ఎక్కువ తేమతో ఉంటే, గీత గంటల తరబడి నిలిచి, బలిసి, మబ్బవుతుంది. అలాంటి గాలిని శాస్త్రజ్ఞులు అతితేమ పొర అంటారు. విమానం వేసేది తోడు మాత్రమే, పాలు ఆకాశానివి. మరి పెరుగు ఎవరిది అంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు?

పెరుగు ఎవరిదన్న తగాదా డాక్టర్ పేరిందేవికి పట్టలేదు. ఆమె వయసు ముప్పైనాలుగు. ఆమె పుట్టిన రోజుల్లో ముత్తవ్వల పేర్లు మళ్ళీ ఫ్యాషనయ్యాయి, అందుకే ఆ పేరు. పాలు ఎక్కడున్నాయో ముందే తెలిస్తే తోడు పడకుండా పక్కనుంచి పోవచ్చు గదా అన్నది ఆమె ఆలోచన. వినడానికి తేలికే. కానీ అంత ఎత్తున తేమ కొలవడం వాతావరణ శాస్త్రంలో అన్నిటికంటే మొండి పని. అంచనాలు సగానికి సగం తప్పేవి. తప్పుడు అంచనాని నమ్మి విమానం ఎత్తు మార్చి ఇంధనం తగలెయ్యడానికి ఏ పైలట్ ఒప్పుకుంటాడు?

తొమ్మిదేళ్ళు తంటాలు పడి ఆమె తయారు చేసిన యంత్రం పేరు తేమకన్ను. మనిషి నడుమెత్తు ఉంటుంది, నెత్తిన గుండ్రటి అద్దం. అద్దంలోంచి లేజర్ కిరణం పైకి పంపి, నేల నుంచి నలభై వేల అడుగుల దాకా ఉన్న మొత్తం తేమని కొలుస్తుంది. అందులోంచి కింది గాలి తేమని తీసేస్తుంది. మిగిలింది పైది. పైన ఏ పొర ఎక్కడుందో వంద అడుగుల తేడాతో చెప్పి, వచ్చే విమానాన్ని ఫలానా ఎత్తుకి దిగమంటుంది. మాట్లాడుతుంది కూడా, మర్యాదగా.

దానికి ఇప్పుడు పరీక్ష జరుగుతోంది. ఆకాశ విచారణ సంఘం పది రోజులు గడువిచ్చింది. రోజుకి నాలుగు విమానాలు, ఏడింటికి, పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి వచ్చేవి, తేమకన్ను మాట వింటాయి. గీత నిలవదని కన్ను చెప్పాక గీత నిలిస్తే తప్పు కింద లెక్క. మూడు తప్పులైతే యంత్రం ఇంటికి. ఆపైన ఆ దారిలో విమానాలు రెండింతలవుతాయి, లంకల్లో తాండ్ర ఎండబెట్టే కళ్ళాలన్నీ మూసేసి అందరికీ ఎండబెట్టే యంత్రాలు పంచుతారు. అయిదో రోజు పొద్దున్న ఒక తప్పు, ఎనిమిదో రోజు పొద్దున్న ఇంకొకటి. రెండూ ఏడు గంటల విమానం దగ్గరే. మే పదో తేదీ, తొమ్మిదో రోజు. ఇంకొక్క రోజు మిగిలింది, ఇంకొక్క తప్పే మిగిలింది.

యంత్రాన్ని పెట్టింది మౌనిక మామ్మగారి కళ్ళంలో. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, పేరుకు తగ్గట్టు మౌనంగా ఉండగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం పేరిందేవి యంత్రం ముందు పీట వేసుకుని కూర్చుంటే, మామ్మగారు చాపల మీద ఈగలు తోలుతూ వింటోంది.

"ఎందుకు తప్పావు?" అంది పేరిందేవి వందోసారి.

"కనిపించింది చెప్పాను మేడమ్," అంది తేమకన్ను. "ఉదయం ఏడింటికి కింద తేమ విపరీతంగా ఉంటోంది. అది తీసేస్తే పైన ఏమీ మిగలడం లేదు."

"విపరీతం అంటే?"

"గోదావరి ఈ వాకిట్లోకి వచ్చినంత."

"రాలేదు గదా."

"రాలేదు మేడమ్. నాకూ అర్థం కావడం లేదు."

పేరిందేవికి ఏడుపొచ్చినంత పనైంది. విడిభాగాలన్నీ రెండుసార్లు విప్పి చూసింది. రోజూ పొద్దున్న ఏడింటి లెక్క రాజమండ్రిలో తన గదిలో తెర మీద చూసుకుని, తొమ్మిదింటికి పడవలో లంకకి వచ్చేది. వచ్చాక చూస్తే అంతా సవ్యంగానే ఉండేది.

"ఊరుకోండమ్మా," అంది మామ్మగారు. "కొత్త చోటు గదండి, పిల్లకి ఇంకా అలవాటవలేదు. రేపు బాగా చెప్తాది చూడండి. ఇది గట్టెక్కకపోతే మా బతుకులూ గట్టెక్కవు, దానికి తెలీదేంటండి." అలా అంటూనే ఆవిడ చాపల వైపు ఓసారి చూసింది. చాపల మీద ఉన్నది ఆ ఏటి ఆఖరి పోత, మూడో ఎండలో ఉంది.

అయిదున్నర పడవకి పేరిందేవి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమెకి సరిగా నిద్ర పట్టలేదు. తెరల ముందు కూర్చుని చచ్చేకంటే యంత్రం పక్కనే నిలబడి చూద్దామని తెల్లారగట్ల మొదటి పడవెక్కి, ఆరింటికల్లా కళ్ళంలో అడుగు పెట్టింది.

కళ్ళం నిండా గోదారి మీద నుంచి వచ్చిన మంచు. చాపలన్నిటి మీదా పాత వాయిల్ చీరలు కప్పి ఉన్నాయి, తాండ్రకి మంచు తగలకుండా. ఆ చీరల వరసకి చివర, నడుమెత్తున నిలబడి, నెత్తి మీద నుంచి కాళ్ళ దాకా నీలం పువ్వుల చీర కప్పుకుని తేమకన్ను. చీర అంచులు గాలికి లేవకుండా నాలుగు వైపులా రాళ్ళు కూడా పెట్టి ఉన్నాయి. పేరిందేవి దగ్గరికి వెళ్ళి ముట్టుకుంది. చీర తడిసి ముద్దయింది. పిండితే నీళ్ళు కారాయి.

ఆమె అలాగే చీర పట్టుకుని నిలబడిపోయింది. పళ్ళు తోముకుంటూ మామ్మగారు వచ్చింది.

"బేగా వచ్చేసేరేంటమ్మా? మంచు ఆరలేదు, ఎనిమిదింటికి గానీ తియ్యం గదండి."

"ఇది కప్పింది మీరేనా మామ్మగారూ?"

"నేనేనండి. మూడో రోజు కాడ్నుంచీ నేనే కప్పుతున్నాను, ఎవరికీ వదల్లేదు."

"ఎందుకండీ?"

ఆ ప్రశ్న మామ్మగారికి వింతగా తోచింది. "ఎందుకేంటమ్మా? రోజూ పొద్దుగూకేసరికి అదే గదండి చెప్పేది. తేమ ఎనభై ఎనిమిది శాతం, పెరుగుతోంది, అని. మా ఇంట్లో తేమ పెరుగుతోంది అని ఎవరన్నా అంటే చీర పట్టుకుని పరిగెత్తడమేనండి, అరవై ఏళ్ళుగా అదే పని. పాపం నోరు తెరిచి అడుగుతుంటే మంచులో వదిలేస్తామా?"

సాయంత్రం ఆరింటికి తేమ శాతం పైకి చెప్పమని యంత్రానికి నేర్పింది పేరిందేవే. కళ్ళం వాళ్ళకి పనికొస్తుందని, మర్యాద కోసం. ఆమెకి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళ నీళ్ళొచ్చాయి, ఆ రెండూ ఒకదాన్నొకటి ఆపలేకపోయాయి. తడిచీరలోంచి పోయిన కిరణానికి కింద గోదావరే కనిపించి ఉంటుంది. ఆ గోదావరిని మొత్తంలోంచి తీసేస్తే పైన ఏముంటుంది? మిగతా పొద్దుటి పూటలు పైన నిజంగానే పొడి కాబట్టి తప్పు బయటపడలేదు. తొమ్మిదేళ్ళ పని చెడింది యంత్రం వల్ల కాదని తెలిశాక, గుండెల మీద నుంచి బస్తా దింపినట్టయింది.

"నీ మీద చీర ఉందని చెప్పొచ్చు గదా," అంది యంత్రంతో.

"నా మీద ఏముందో నాకు కనిపించదు మేడమ్," అంది తేమకన్ను.

ఆరున్నర పడవలో ప్రొఫెసర్ జోయెల్ దిగాడు. విచారణ సంఘానికి ఆయనే పెద్ద. మబ్బులు పైతేమ వల్లే తప్ప విమానాల వల్ల కాదని ఇరవై ఏళ్ళుగా వాదిస్తున్నది ఆయనే. ఒకప్పుడు పేరిందేవికి పాఠం చెప్పింది కూడా ఆయనే. మొండివాడు గానీ అన్యాయస్థుడు కాదు. ఆమె చెప్పిందంతా విని, నమ్మలేదు.

"ఏవమ్మా, తప్పు దొరికినప్పుడల్లా ఓ చీర దొరుకుతుందా నీకు?" అన్నాడు.

"మీరే కప్పి చూడండి సార్."

పక్కన మామ్మగారి మొహం పాలిపోయింది. తను ప్రేమతో చేసిన పని వల్లే కళ్ళాలు మూతపడబోతున్నాయని అప్పటికి ఆవిడకి అర్థమైంది. "బాబ్బాబు, దానికేం తెలీదండి, తప్పంతా నాదేనండి," అని చేతులు పట్టుకోబోయింది.

జోయెల్ తడిచీర తీసుకుని యంత్రం మీద కప్పాడు. "పైన గాలి పొడిగా ఉంది. గీత నిలవదు," అంది తేమకన్ను. చీర తీశాడు. "ముప్పైమూడున్నర వేల నుంచి ముప్పైఅయిదు వేల అడుగుల దాకా అతితేమ పొర ఉంది. గీత నిలుస్తుంది," అంది. మళ్ళీ కప్పాడు. పొడి. మళ్ళీ తీశాడు. అతితేమ. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఆరుసార్లు కప్పి తీశాడు. మామ్మగారు రెప్ప వెయ్యకుండా చూసింది.

"అంటే," అంది ఆవిడ మెల్లగా, "ఈ తడిచీర కప్పితే విమానం పైనుంచే పోద్ది, మబ్బు పడతాది. తీసేస్తే కిందకి దిగి పోద్ది, ఎండ కాస్తాది. అంతేగదండి?"

"మేం ఇరవై ఏళ్ళుగా రాసిన పుస్తకాలన్నీ కలిపితే అంతేనండి," అన్నాడు జోయెల్.

ఏడు కావస్తోంది. చీర తీసేశారు, అద్దం తుడిచారు. తేమకన్ను చెప్పిన మాట విని, ఏడు గంటల విమానం ముప్పైరెండు వేల అడుగులకి దిగింది. దాని వెనకే పరీక్షలో లేని మరో విమానం ఎప్పటి ఎత్తులోనే వస్తోంది. కళ్ళంలో ముగ్గురూ మెడలు వెనక్కి వాల్చి చూశారు. మొదటి విమానం తోక వెనక బెత్తెడు గీత పుట్టింది, వెంటనే కరిగిపోయింది. విమానం కనుమరుగయ్యేసరికి ఆకాశంలో దాని ఆనవాలే లేదు. రెండోదాని గీత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిలిచి, అందరూ చూస్తుండగానే లావెక్కడం మొదలుపెట్టింది. ఒకే ఆకాశం, రెండు వేల అడుగుల తేడా.

పేరిందేవి తడినేల మీదే చతికిలబడింది. "హమ్మయ్య" అని పైకే అంది, అంతకంటే పెద్ద మాట ఆమెకి దొరకలేదు. జోయెల్ దస్త్రం తెరిచి, రెండు తప్పులూ కొట్టేసి, కారణం అన్న గడిలో "చీర" అని రాసి సంతకం పెట్టాడు. పొద్దెక్కేసరికి పైనున్న తేమ పొర గాలికి జరిగిపోయి, మామ్మగారి తాండ్రకి ఆ రోజు నాలుగో ఎండ పుష్కలంగా తగిలింది. మొదటి ముక్క కోసి యంత్రం ముందు పెట్టింది, రెండోది జోయెల్ చేతిలో పెట్టింది.

ఏడాది తిరిగింది. విమానాల దారి పొడుగునా నలభై తేమకళ్ళు వెలిశాయి. లంకల మీద ఆకాశం ఎప్పుడో తాతల నాటిలా నీలంగా మెరిసింది, పొద్దున్నే లెక్కపెట్టడానికి గీతల్లేక ముసలాళ్ళకి తోచలేదు. తాండ్రకి తిరుగులేదు. పేరిందేవి సాయంత్రపు ప్రకటన తీసేయించింది, అద్దం కింద "కప్పరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించింది, మంచు పూట గుడ్డ పడితే గుర్తుపట్టడం కూడా యంత్రానికి నేర్పింది. మిట్టమధ్యాహ్నం సంగతి నేర్పలేదు. మే నెల ఎండలో తడిగుడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మే చివరి వారంలో ఒక మధ్యాహ్నం రాజమండ్రిలో ఆమె తెర ఎర్రబడింది. తీగలంక కన్ను ఒంటిగంట నుంచీ పైన పొడి అంటోంది. విమానాలు దాని మాట నమ్మి పై ఎత్తులోనే పోతున్నాయి. లంక మీద మాత్రం మబ్బు పరుచుకుని ఉంది. ఆ నెలలో అది మూడో తప్పు. మూడైతే సంఘం మళ్ళీ కూర్చుంటుంది, నలభై కళ్ళూ మూయించినా అడిగే దిక్కుండదు. పేరిందేవి నలభై ఏడు డిగ్రీల ఎండలో పడవెక్కింది. ఏరు సగం దాటేసరికి తల పగిలిపోతోంది, చెప్పుల్లో కాళ్ళు కాలిపోతున్నాయి.

లంక దగ్గరయ్యాక నెత్తిన మబ్బు నీడ పడి చల్లబడింది. సూర్యుడి మీద పల్చటి తెర. కళ్ళంలో ఆ నీడన పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, కబుర్లాడుకుంటూ, ఎండిన తాండ్రని చాపల మీద నుంచి లేపి చుట్టలు చుడుతున్నారు. చివర్న తేమకన్ను నీలం పువ్వుల చీర కప్పుకుని ఉంది. "కప్పరాదు" అన్న అక్షరాలు పువ్వుల వెనక లీలగా కనిపిస్తున్నాయి. చీర అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. అది మంచు నీళ్ళు కాదు, కుళాయి నీళ్ళు.

యంత్రం చెడిపోలేదు. ఆ సంగతి తెలిసేసరికి పేరిందేవికి కోపం కంటే ముందు ఊపిరొచ్చింది.

"మామ్మగారూ," అంది.

"రండమ్మా," అంది మౌనిక మామ్మగారు, ఏమాత్రం తొణకకుండా. "నాలుగో ఎండ మిట్టమధ్యాహ్నానికే అయిపోయిందండి. చుట్టే పని నాలుగింటి దాకా ఉంటాది. ఇక మాకెందుకండీ ఆ ఎండ?"

"ఇరవై ఏళ్ళు విమానాలని శాపనార్థాలు పెట్టారు గదండీ."

"పెట్టామండి. అప్పుడు వద్దంటే వచ్చేదండి మబ్బు. ఇప్పుడు రమ్మంటే వస్తంది."

"పక్క లంక కళ్ళంలో రెండో ఎండో మూడో ఎండో అయి ఉంటుంది. వాళ్ళ తాండ్ర ఏం కావాలి?"

మామ్మగారు ఒక్క క్షణం చుట్టడం ఆపింది. "మొన్న మాది రెండో ఎండలో ఉన్నప్పుడు వాళ్ళ కన్ను మీదా చీర ఉందండి," అంది. "ఆకుపచ్చది."

పేరిందేవి చేతిలో ఫోన్ మోగింది. జోయెల్.

"ఏవమ్మా, మళ్ళీ తప్పిందట?"

"కన్ను తప్పలేదు సార్."

"మరి?"

ఆమె చీర దగ్గరికి వెళ్ళి అంచు పట్టుకుంది. లాగితే చాలు, కొత్త గీతలు ఆగుతాయి, ఉన్న మబ్బు అరగంటలో గాలికి జరిగిపోతుంది, ఎండ మళ్ళీ నెత్తిన పడుతుంది. తిరుగు పడవ అయిదున్నరకి గానీ లేదు. రేవు దాకా ఆ ఇసకలో నడవాలి. మెడ మీద చెమట చల్లగా ఆరుతోంది.

"చూస్తున్నాను సార్. కాసేపాగి చెబుతాను," అని ఫోన్ పెట్టేసింది.

"మేడమ్ వచ్చారా," అంది చీర కింద నుంచి తేమకన్ను. "కింద తేమ విపరీతంగా ఉంది. నా మీద ఏమైనా ఉందా?"

"ఉంది," అంది పేరిందేవి. అంచు వదిలేసింది. "పది నిమిషాలు ఉండనీ."

మామ్మగారు చాప మీద కాస్త జరిగి ఆమెకి చోటిచ్చింది.